ఫ్యాన్ బాగుచేసే విధానం

ఇంజనీరింగ్ కాలేజీలో రాయడం నేర్పే మేడంను పిల్లలు చాటుగా "నిద్రమాత్ర" అనేవారు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. ఇరవై ఏళ్లుగా నవ్వి ఊరుకునేది.

ఆ ఏడు చివరి బెంచీలో ఒకడుండేవాడు. ఎవరి బండి ఆగినా బాగుచేస్తాడు కనుక అందరూ మెకానిక్ అని పిలిచేవారు. ఒకరోజు తెల్లకాగితం ఇచ్చి వెళ్లిపోతుంటే మేడం ఆపింది.

"రాయడం మనకు అచ్చిరాదు మేడం. పని వచ్చినవాడికి రాతలెందుకు?" అన్నాడు.

మర్నాడు ఆవిడ ఇంట్లో మొరాయించిన టేబుల్ ఫ్యాన్ మోసుకొచ్చింది. వాడు పది నిమిషాల్లో విప్పి, శుభ్రం చేసి, తిరిగేలా చేశాడు.

"మళ్లీ ఆగితే నేనే చేసుకోవాలి కదా. ఎలా చేశావో రాసివ్వు నాయనా," అంది.

వాడు నాలుగు ముక్కలు గీకిచ్చాడు. ఆవిడ క్లాసు ముందే అది చదువుతూ ఫ్యాన్ విప్పబోయింది. "స్క్రూ తీయాలి" అని ఉంటే, కనబడిన మొదటి స్క్రూ తీసింది. స్టాండు ఊడి ఫ్యాన్ బల్లమీద కూలబడింది. క్లాసు గొల్లుమంది.

"అది కాదు మేడం, వెనకాలది!"

"ఆ మాట ఇందులో లేదే!"

మెకానిక్ మొహం ఎర్రబడింది. కాగితం లాక్కుని మళ్లీ రాశాడు. అదీ కొట్టేసి మూడోసారి రాశాడు. ఈసారి ఆవిడ ఎవరినీ అడక్కుండా ఫ్యాన్ విప్పి, బిగించి, తిప్పింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది మెకానిక్కే.

పరీక్షలో వాడికి మార్కులు మామూలుగానే వచ్చాయి. కానీ గంట కొట్టాక కూడా కాగితంతో స్టాఫ్ రూం గుమ్మం దగ్గర నిలబడేవాడు. "మేడం, ఇది చదివితే మీకు అర్థమవుతుందా?"