ప్రేమవిందు పడవకు రెండో ట్యాంకు

తొంభైల్లో ఢిల్లీలోని మా తెలుగు సహవాసానికి సొంత మందిరం లేదు. ఎవరైనా బాప్తిస్మానికి ఒప్పుకుంటే వజీరాబాద్‌కు ఎగువన, యమున కాస్త తేటగా ఉండే ఒక ఇసుక మేటకు సంఘంలోని ఒక అన్న మోటారు పడవలో వెళ్లేవాళ్లం.

ఆ ఆదివారం ఒప్పుకున్నది మా మామగారు. ఆయన కోసం మా ఆవిడ పెళ్లికి ముందునుంచీ ఉపవాసాలుండి ప్రార్థించింది. విజయవాడ నుంచి వచ్చిన ఆయన, "సాయంత్రం నా రైలు. ఈలోపు అయితే అయింది, లేకపోతే మళ్లీ అడగొద్దు" అని తేల్చేశారు.

పడవ ట్యాంకు చిన్నది. రెండోది నేను పెడతానన్నాను. దివిటీలు ఆరిపోకుండా సిద్దెల్లో అదనపు నూనె వెంట తీసుకెళ్లిన బైబిలు కన్యకలు నాకు ఆదర్శమని మా పాస్టరు అయ్యగారితో చెప్పి మురిసిపోయాను కూడా. బరువు ఒక పక్కకు ఒరగకుండా ట్యాంకులను చెరో వైపున పట్టీలతో బిగించి, రెండింటి గొట్టాలనూ ఒక వాల్వుకు కలిపాను. ఇటు తిప్పితే మొదటిది, అటు తిప్పితే రెండోది. ఇంకెక్కడా చోటు లేక, బాప్తిస్మం అయ్యాక అందరం కలిసి తినే ప్రేమవిందు బిర్యానీ గిన్నె ఆ రెండోదాని పక్కన చేరింది.

నదిలో మొదటి ట్యాంకు అయిపోగానే ఠీవిగా వాల్వు తిప్పాను. ఇంజిను కాసేపు పాడి, దగ్గి, ఆగిపోయింది. పెట్రోలు లాగడానికి గొట్టం మధ్యలో ఉండే రబ్బరు ఉండను పిసికితే అది నొక్కుకుపోయి మళ్లీ ఉబ్బలేదు.

"అల్లుడుగారూ, మీ దేవుడు నాకు రైలే రాసిపెట్టాడేమో!" అన్నారు మామగారు. మా ఆవిడ ముఖం చూడలేకపోయాను.

అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్లు మూసుకుంటే నేను ట్యాంకు మూత తడిమాను. పెట్రోలు తగ్గేకొద్దీ లోపలికి గాలి వెళ్లడానికి దానిమీద ఒక చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని వదులుగా ఉంచాలి. అది బిర్రుగా బిగిసి ఉంది.

"దీన్నెవరు బిగించారు?"

"నేనే బాబూ," అంది బిర్యానీ వండిన ఆంటీ ఒక కన్ను తెరిచి. "పెట్రోలు వాసన పట్టిన బిర్యానీ ఎవరు తింటారు?"

"మీరు ట్యాంకుకు కూడా దమ్ పెట్టేశారు ఆంటీ!"

ప్రార్థన మధ్యలోనే అయ్యగారు పకపకా నవ్వారు. మామగారైతే కడుపు పట్టుకుని నవ్వారు. నేను స్క్రూ వదులు చేసేలోపే ఈ నవ్వుల్లో పడవ కొట్టుకుపోయి ఎక్కడో ఇసుకను తాకింది. ఆయన పంచె ఎగగట్టి గభాలున దిగిపోయారు. నడుము లోతు.

"దిగండి అయ్యగారూ! ఇవీ నీళ్లేగా? ఇంకెక్కడికి?"

దారి పక్క నీళ్లు చూసి బాప్తిస్మం కోసం రథం ఆపించిన బైబిల్లోని ఐతియోపీయుడు గుర్తొచ్చి నా ఒళ్లు పులకరించింది. అయ్యగారు చెప్పులతోనే దూకారు. వెనకే మా ఆవిడ, చీరతో సహా. మామగారు నీళ్లలోంచి లేవగానే ఆవిడ "హల్లెలూయ!" అని పెట్టిన కేకకు ఒడ్డున గేదెలు తలలెత్తాయి.

ఆయన ముఖం తుడుచుకుని, "భలే ఉందండీ! ఇంకోసారి ముంచండి," అన్నారు.

"బాప్తిస్మం ఒక్కటే పెద్దాయనా!" అన్నారు అయ్యగారు.