వసంతలక్ష్మమ్మ నోటికి పడ్డ తాళం

రాయచూరు బజారులో వసంతలక్ష్మమ్మ సాధించిన మొదటి గెలుపు ఒక రాగి హండా. కాపురానికి వచ్చిన ఏడాదే భర్త పాండురంగయ్య టైఫాయిడ్‌తో మంచం పట్టాడు. గిన్నెల దుకాణంలో కూర్చునే దిక్కు లేదు. ఆమె కూర్చుంది. కానీ వచ్చింది తెలుగు ఒక్కటే. పెళ్లి సామాను కోసం వచ్చిన కన్నడ రైతులు ఒక మాట అడిగి, జవాబు రాకపోతే ఎదురు దుకాణానికి పోయేవాళ్లు. ఇలా కాదని హమాలీల దగ్గర నాలుగు కన్నడ ముక్కలు, పక్కనున్న అత్తరు సాయిబు దగ్గర నాలుగు ఉర్దూ ముక్కలు పట్టుకుని, తప్పులతోనే బేరానికి దిగింది. జనం నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకుంది. చివరికి గిల్లేసూగూరు రైతు ఒకాయన కూతురి పెళ్లికి పెద్ద రాగి హండా ఆమె దగ్గరే కొన్నాడు. "ఈ అమ్మ మాట వంకర, తూకం మాత్రం సీదా" అని నలుగురిలో చెప్పి మరీ పోయాడు.

ఆ తర్వాతి గెలుపులు చెప్పుకుంటూ పోతే పొద్దు చాలదు. పాండురంగయ్య కోలుకుని దుకాణానికి వచ్చినా బేరం మాత్రం ఆమెదే. తెలుగు, కన్నడ, ఉర్దూ ఒక్క దమ్ములో కలిపి ఎంత మొండి బేరమైనా తెగ్గొట్టేది. గల్లీలోకి కొళాయి రానప్పుడు ఆడవాళ్లను వెంటబెట్టుకుని మున్సిపాలిటీకి పోయి, సారును కుర్చీలోంచి లేపి గల్లీ దాకా నడిపించింది. శక్తినగర్ కరెంటు ప్లాంటు క్వార్టర్స్‌కు కొత్తగా వచ్చిన ఆంధ్రా కోడళ్లు కూరగాయలు బేరమాడేంత కన్నడం నేర్చుకున్నది ఆమె దుకాణం మెట్ల మీదే. ఆమె నోరు ఆ ఇంటికి ఆస్తి.

అలాంటి నోటికి తాళం పడింది. వేసుకున్నది కూడా ఆమే.

కొడుకు తిరుమలేశ్ కూతురు నేహకు ఆరేళ్లు. పిల్ల చురుకైనదే. చెవి పరీక్షలో ఏ లోపమూ లేదు. మాట మాత్రం మాటతో జత కూడదు. నీళ్లు కావాలంటే "అవ్వ... అది... గ్లాసు" అని ఆగిపోయేది. రెండు మూడు పనులు ఒక్కసారే చెబితే తికమకపడేది. బడిలో పిల్లలు నవ్వితే ఇంటికొచ్చి అవ్వ కుచ్చిళ్లలో మొహం దాచుకునేది. రాత్రి తన మంచం మీద అవ్వ పక్కన ఉంటేనే నిద్రపోయేది.

ట్యూషన్ చెప్పే ఒకావిడ తీర్పు చెప్పేసింది. "మీ ఇంట్ల మూడు భాషలు కలగాపులగం. పిల్ల బుర్ర ఎటని పోతది? ఇప్పటి సంది కన్నడం ఒక్కటే మాట్లాడుండ్రి." ఇంటిల్లిపాదీ నమ్మారు. మాట మీద బతికిన ఇల్లు కదా, తప్పు కూడా మాటలోనే ఉంటుందనుకున్నారు.

వసంతలక్ష్మమ్మ తన వంతు ప్రయత్నం చేసింది. నేహ ముందు పళ్లెం పెట్టి, "ఊట మాడు బంగారూ, జల్దీ తిను" అంది.

తిరుమలేశ్ తల పట్టుకున్నాడు. "అమ్మా! ఒక్క మాటల మూడు భాషలా?"

"ఏం చెయ్యాల్రా? నలభై ఏండ్ల సంది ఈ నాలిక గిట్లనే తిరుగుతున్నది. కోసి ఇయ్యాల్నా?"

నవ్వుతూనే అంది కానీ ఆ నవ్వు నిలవలేదు. నా మాటలే పిల్ల మాటను తినేశాయన్న దిగులు లోపల తిష్ఠ వేసింది. దీపావళి కాగానే బట్టలు సర్దుకుని దేవసూగూరులో స్థిరపడ్డ తమ్ముడు రంగనాయకులు ఇంటికి వచ్చేసింది. ఫోన్‌లో నేహ గొంతు వినబడితే ప్రాణం లాగేది. అయినా పలికేది కాదు. ఫోన్ తమ్ముడి చేతిలో పెట్టి పెరట్లోకి వెళ్లిపోయేది.

ఫిబ్రవరి మొదట్లో కొడుకూ కోడలు శిల్పా దేవసూగూరు వచ్చారు. బెంగళూరులో, మాట సరిగా రాని పిల్లల మెదడును మిషన్‌తో ఫోటోలు తీసి పరిశోధన చేస్తున్నారనీ, శిల్ప నేహను అక్కడికి తీసుకుపోయిందనీ వసంతలక్ష్మమ్మకు తెలుసు. ఏం తేలిందో తెలియదు. వాళ్లకు మంచినీళ్లు ఇవ్వడం కూడా మరిచిపోయి ఎదురుగా కూర్చుంది.

"చెప్పు శిల్పా. నా నోటి వల్లనే గదా?"

"ఆగు అత్తమ్మా, మొదటి నుంచి చెప్త. ఆ మిషన్ పెద్ద డోలు లెక్క ఉంటది. దాన్ల కదలకుండ పండుకోవాలె. నొప్పి గిప్పి ఏం లేదు గని, టకటక డబడబ ఒకటే మోత. పిల్లలు బెదురుతరని ముందుగాల చెక్కతోటి చేసిన ఉత్తుత్తి సొరంగంల పండబెట్టి, ఆ మోతను రికార్డుల వినిపిచ్చి అలవాటు చేస్తరు. మన నేహ దాన్ల కాలు పెడితే ఒట్టు! బొమ్మలు చూపిచ్చిన్రు. కన్నడంల కథ పెట్టిన్రు. ఊహూ."

"మరెట్ల?"

"నా ఫోన్ల నీ పాత వాయిస్ మెసేజ్ ఉండె. గ్యాస్ బండ తెచ్చేటోన్ని తిట్టినవు చూడు, అది."

రంగనాయకులు ఫక్కున నవ్వాడు. "అక్కా, నీ తిట్లు బెంగళూరు దాకా పోయినయా!"

"నువ్వు ఊకో రా రంగా. అయ్యో తల్లీ, అదే దొరికిందా నీకు? దాన్ల ఏమేం అన్ననో!"

"మూడు భాషల్ల అన్నవు. నేహ అది వినుకుంట తానే పోయి పండుకున్నది. అయిపోతే మళ్ల పెట్టమని చెయ్యి ఊపింది. తెల్లారి అసలు మిషన్ల గుడ కదల్లే. డాక్టరమ్మ ఈ గొంతు ఎవరిదని అడిగింది. మా అత్తమ్మది, పిల్ల ఖరాబైతదని దూరం పోయింది అని చెప్పిన. ఆమె నెత్తి కొట్టుకున్నది."

వసంతలక్ష్మమ్మ కొడుకు వైపు చూసింది. అతను తల దించుకునే చెప్పాడు. "మూడు భాషల వల్ల ఇది రాదంటమ్మా. ఒక్క భాషే మాట్లాడే ఇండ్లల్ల గుడ ఇట్లాంటి పిల్లలు ఉంటరంట. మెదడు పెరిగే తీరే అట్ల ఉంటదంట. ఎవరి తప్పూ గాదు."

"అది ఫోటోల కనపడ్డదా?"

"ఒక్క పిల్ల ఫోటో చూసి ఇదీ అని చెప్పలేరంట," అంది శిల్ప. "శానా మంది పిల్లలయి కలిపి చూస్తే, లోపల కొన్ని జాగలల్ల చిన్న చిన్న తేడాలు కనపడుతున్నయంట. ఇంకా వెతుకుతనే ఉన్నరు. నేహకు మాటల క్లాసులు ఇడువద్దు, టైం పడతది అన్నరు. ఇంట్ల మాట మాత్రం బందు చెయ్యొద్దంట. ఆ అవ్వను పిలిపిచ్చుకోండి అన్నరు."

వసంతలక్ష్మమ్మ గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. దీపావళి నుంచి గుండెల మీద మోస్తున్న కుంపటి దిగింది. కళ్లు తెరిచేసరికి పాత మనిషి తిరిగి వచ్చింది.

"ఏం రా తిరుమలేశూ, మీ ట్యూషన్ అమ్మకు ఈ సంగతి ఎవరు చెప్తరు?"

"నువ్వే చెప్పమ్మా."

"చెప్త. మూడు భాషల్ల చెప్త!"

బడి వదిలాక, రాయచూరు ఇంటి దగ్గరున్న పాండురంగయ్య ఫోన్ కలిపి నేహకు ఇచ్చాడు. ఈసారి వసంతలక్ష్మమ్మ పెరట్లోకి పోలేదు.

"బంగారూ, నేనే. అవ్వను."

అటు నేహ మాట కూడదీసుకుంటోంది. తొందరపెట్టకుండా ఆగింది. అప్పుడు వచ్చింది: "అవ్వ... నా మంచం... రా."

"వస్త తల్లీ, వస్త. జరా సబర్ మాడు, కొంచెం ఓపిక పట్టు, వస్త!" అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ. శిల్ప నవ్వింది. తిరుమలేశ్ కూడా నవ్వాడు.

ఫోన్ పెట్టగానే బట్టల సంచి తీసింది. రంగనాయకులు అడ్డం నిలబడ్డాడు. "ఒడిబియ్యం పొయ్యకుండ ఆడబిడ్డను ఎట్ల పంపుత? ఊర్ల మొహం ఎట్ల చూపియ్యాలె? పదిహేనుకు శివరాత్రి. అది కానీ."

"అయితే తెల్లారే పోత."

"పదహారుకు జాగారం చేసిన అలుపుతోటి పండుకుంటవు. పదిహేడు మంగళారం, ఆనాడు పంపం. పద్దెనిమిదికి ఒడిబియ్యం పోస్త. ఇరవై శుక్కురారం, ఆనాడూ పంపం. ఇగ మిగిలింది ఏందో నువ్వే చెప్పు."

తమ్ముడితో ఎంత బేరమాడినా ఆమె గెలవలేదు. ఓడినా ఆ పూట ఆమెకు కోపం రాలేదు. మళ్లీ ఫోన్ చేయించి నేహకు మెల్లగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. ఆ కబురు దుకాణం పక్కవాళ్లకు పాండురంగయ్య చెప్పాడు. వసంతలక్ష్మమ్మ రాయచూరు చేరేది ఫిబ్రవరి పంతొమ్మిది, గురువారం.