కారు షెడ్డు తిన్న గుడ్లు

నున్నటి గోడ కనిపిస్తే ఇప్పటికీ నేను దూరంగా జరుగుతాను. పూతలపట్టులో మా పెదనాయనకు గోడను అరచేత్తో నిమిరే అలవాటుండేది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, పెట్రోలే దొరకని కాలంలో, ఎప్పుడో కొనబోయే కారు కోసం ఆయన ఇంటి పక్కన షెడ్డు కట్టించాడు. సున్నంలో తెల్లసొన కలిపి పూస్తే గోడ అద్దంలా మెరుస్తుందని ఇంట్లో కోళ్లు పెట్టిన గుడ్లన్నీ మేస్త్రీకే ఇప్పించేవాడు. పచ్చసొన ఆయన వేటకుక్క నాకేది.

అప్పుడే ఆయన మనవరాలు టైఫాయిడ్ నుంచి లేచింది. రోజుకో గుడ్డు పెట్టమని డాక్టరు చెప్పాడు. అయినా గుడ్లన్నీ గోడకే పోతుంటే చూడలేక మేస్త్రీయే ఒక గుడ్డును ఇసుకలో దాచి మా పెద్దమ్మకు ఇచ్చాడు. ఆమె పొయ్యి దగ్గరికి పోయేలోపే పెదనాయన దాన్ని లాక్కున్నాడు.

"బిడ్డకు ఈ ఒక్కటన్నా పెట్టనీ," అని పెద్దమ్మ బతిమాలింది.

"బిడ్డకు గంజి సాలు. గోడ సూడు, ఇంకా గరుగ్గానే ఉండాది," అంటూ గుడ్డును సున్నం తొట్టి అంచుకేసి కొట్టాడు.

కారు రానేలేదు. ఖాళీ షెడ్డులో మంచం వేసుకుని, గోడ నిమురుతూ పడుకునేవాడు. ఒకరోజు ఆ పిల్ల మెల్లగా వచ్చి, తాత మాదిరే గోడమీద చెయ్యి పెట్టింది.

"తాకొద్దు మే," అన్నాడు, "మరక పడతాది."