కమిటీ అడ్రస్ మూయనన్న అక్క

అక్క ఇక లేదని ఆమె తమ్ముడు లిలువా నుంచి ఫోన్ చేసి చెప్పాడు. ఆ మధ్యాహ్నమే ఆఫీసు నుంచి సంతాప సందేశం వచ్చింది. అందులో ఆమెను "అందరితో సర్దుకుపోయే మనిషి" అన్నారు. చదవగానే ఏడుపు ఆగిపోయి ఒళ్లు మండింది. అక్క సర్దుకుపోలేదు. సర్దుకుపోయి ఉంటే నేనివాళ తలెత్తుకుని ఈ నాలుగు మాటలు రాసేదాన్ని కాదు.

ఆమె నాకు తోడబుట్టింది కాదు. ఈ బెంగాలీ ఊళ్లో, భవానీపూర్‌లోని మా ఆఫీసులో మెయిల్ సర్వర్ ఆమె చేతిలో ఉండేది. నేను అక్కడ కాంట్రాక్ట్ మీద రిసెప్షన్‌లో చేరాను. మొదటి రోజు అమ్మతో ఫోన్‌లో తెలుగులో మాట్లాడుతుంటే వెనక నుంచి, "ఏటి పిల్లా, మనోళ్లేనా?" అంది. లిలువా రైల్వే వర్క్‌షాప్‌లో పనికని ఇటొచ్చేసిన తెలుగు కార్మికుడి కూతురు. ఆ రోజు నుంచి ఆమె టిఫిన్ డబ్బాలో సగం నాది. వద్దన్నా వినేది కాదు.

అక్కకి అనవసరమైన మెయిల్ అంటే చిరాకు. ఆఫీసులో అందరికీ ఒకేసారి వెళ్లే గ్రూప్ అడ్రస్ ఒకటి ఉండేది. దానికి రోజూ పొద్దున్నే పూల బొమ్మలు, శుభోదయాలు, వాటికి అందరి జవాబులు. ఒకరోజు ఆమె దానికి ఇద్దరు ముగ్గురు తప్ప ఎవరూ పంపలేకుండా చేసేసింది. డైరెక్టర్ గారి పండగ శుభాకాంక్షలు కూడా తిరిగొచ్చాయి. ఆయన వచ్చి అడిగితే, "తాళం వెయ్యడం నా ఉద్యోగం సార్" అంది నవ్వకుండా.

అదే అక్క ఒక తాళం వెయ్యనంది. నా విషయంలోనే.

మా సూపర్‌వైజర్ ఏదో వంకతో నన్ను ఒంటరిగా స్టోర్ రూమ్‌కి పిలిచేవాడు. భుజం మీద చెయ్యి వేసేవాడు. తోసేస్తే, నా కాంట్రాక్ట్ పొడిగించేది తనేనని గుర్తుచేసేవాడు. ఆడవాళ్ల ఫిర్యాదులు వినే కమిటీకి ఒక గ్రూప్ అడ్రస్ ఉంది. దానికి రాస్తే సభ్యులందరికీ చేరుతుంది. రాశాను. వారం తిరక్కుండా మేనేజర్ అక్క టేబుల్ దగ్గరికొచ్చాడు. అద్దానికి ఇవతల నా కౌంటర్. అంతా వినబడింది.

"దీదీ, కమిటీ అడ్రస్‌కి ఇకమీద పర్మనెంట్ వాళ్లు మాత్రమే పంపేలా చెయ్యండి."

"మరి కాంట్రాక్ట్ అమ్మాయిలు?"

"వాళ్లని పంపిన ఏజెన్సీకి చెప్పుకుంటారు."

"వాళ్ల మీద చేతులేసేది ఏజెన్సీ కాదు, మన ఆఫీసు మగాళ్లు. నేను చెయ్యను."

"ఇది ఆర్డర్."

"అయితే రాసివ్వండి. ఎందుకో కూడా రాయండి."

ఆయన రాసివ్వలేదు. అక్కని పై అంతస్తులో పాత కంప్యూటర్లు పడేసిన గదికి మార్చారు. ఆమె కుర్చీలోకి వచ్చినతను చెప్పినట్టే చేశాడు. ఆ తర్వాత డేటా ఎంట్రీలో ఉన్న ఇంకో కాంట్రాక్ట్ అమ్మాయి రాసిన ఫిర్యాదు, పంపే అనుమతి లేదంటూ తిరిగొచ్చేసింది.

"నా మూలంగా నీకిలా అయ్యిందక్కా" అన్నాను.

"నీ మూలంగా ఏటయ్యిందే? ఆడి మూలంగా అయ్యింది. మాట సరిగ్గా అను" అని కసిరింది.

తర్వాత మా కాంట్రాక్ట్ అమ్మాయిలందరినీ పిలిచి, "తిరిగొచ్చినవి నాకు పంపండి. నేను పర్మనెంటే కదా!" అంది. అలా వచ్చిన ప్రతి ఫిర్యాదునీ తన పేరు మీద కమిటీకి పంపింది. మేనేజర్ పిలిచి బెదిరిస్తే, "నన్నూ ఆపెయ్యండి. ఎందుకాపారో కమిటీకి మీరే చెప్పుకోండి" అని బయటికొచ్చేసింది.

కమిటీలో బయటినుంచి వచ్చే సభ్యురాలు ఒక పెద్దావిడ, వకీలు. ఇన్ని ఫిర్యాదులు ఒకే మనిషి దగ్గర్నుంచి ఎందుకొస్తున్నాయని ఆవిడకి అనుమానం వచ్చింది. అక్కని పిలిపించి అడిగింది. అక్క ఏదీ దాచలేదు. అడ్రస్ మళ్లీ అందరికీ తెరిచేదాకా తను కుర్చీలోంచి లేవనందట ఆవిడ. సాయంత్రానికి తెరిచారు. విచారణ జరిగింది, సూపర్‌వైజర్ ఉద్యోగం పోయింది. అక్క సీటు మాత్రం తిరిగివ్వలేదు.

"నాకేటి నష్టం? పైన గాలి బాగా వొస్తంది" అంది. ఆ గదిలోనే రిటైర్ అయ్యేదాకా పనిచేసింది, మేనేజర్ ఎదురుపడితే పక్కకి తప్పుకోకుండా.

చివరిసారి ఆమెను చూసింది మొన్నటి చలికాలంలో. క్యాన్సర్ మందులకి జుట్టంతా రాలిపోయింది. తలకి గుడ్డ కట్టుకోమంటే కట్టుకోలేదు. మెట్రో స్టేషన్ బయట, పానీపూరీని ఇక్కడ పుచ్కా అంటారు, ఆ బండి దగ్గర, ఎండలో, బోడి తలతో నిలబడింది. వచ్చేపోయేవాళ్లు చూస్తుంటే తనూ సూటిగా వాళ్ల కళ్లలోకి చూసింది. కారానికి కళ్లమ్మట నీళ్లు. చింతపండు పులుసు మణికట్టు మీదుగా మోచేతి దాకా కారుతోంది. తుడుచుకోకుండానే ఆకు దొన్నె ముందుకు చాపి, "ఇంకొంచెం కారం వెయ్యి దాదా" అని బెంగాలీలో గదమాయిస్తోంది.