నా వంతు ప్రార్థన

మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక మా ఎల్బీనగర్ చర్చిలో పెద్దలు, ఇకమీదట పిడికెడు బియ్యం తేనక్కర్లేదని, ఇవ్వదలచినవాళ్ళు డబ్బు ఫోనులోనే పంపచ్చని చెప్పారు. బియ్యానికి పురుగు పడుతోందట, తీసుకుపోయేవాళ్ళూ లేరట. నిజమే కావచ్చు. ఎసరు పెట్టినప్పుడల్లా దేవుడి పేర ఒక పిడికెడు పక్కన తీసి, ఆదివారం చర్చిలో పోసే అలవాటు నాకు మా అమ్మ దగ్గర్నుంచి వచ్చింది, ఇప్పటికీ మానలేదు. ఆ డబ్బా అలాగే పట్టుకుని ఇంటికి తిరిగొస్తుంటే, దిల్‌సుఖ్‌నగర్‌లో పెద్దమ్మ వండిపెట్టిన శనివారపు అన్నం గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. గుంటూరు పక్క పల్లె నుంచి యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదవడానికి వచ్చి, హాస్టల్లో మోకాళ్ళూనితే ఎవరు చూసి నవ్వుతారోనని దుప్పటి ముసుగులోనే ప్రార్థన చేసుకునే నాలాంటి పిల్లలకు, శనివారం సాయంత్రం తన ముందుగది తలుపు తెరిచిపెట్టిన నల్గొండ మనిషి ఆవిడ. సర్కారు దవాఖానలో నర్సు. అప్పటి దిల్‌సుఖ్‌నగర్ అంటే ఇప్పటి కోచింగ్ బోర్డులూ మెట్రో స్తంభాలూ ఊహించుకోకండి, మీలో ఆ రోజులు చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు కూడా. బస్సు దిగి ఆవిడ ఇంటికి నడిచే దారిలో ఇళ్ళకన్నా ఖాళీ స్థలాలే ఎక్కువ, ఇక ఎల్బీనగర్ అంటే ఊరు అయిపోయినట్టే, ఆ పైన ద్రాక్షతోటలు.

పెద్దమ్మ వాళ్ళ చర్చిలో పోగైన పిడికెడు బియ్యంలో కొంత మా శనివారం భోజనానికి ఇచ్చేవారు. ఎన్ని ఇళ్ళవో, సన్నవీ దొడ్డువీ, పాతవీ కొత్తవీ, రేషనువీ అన్నీ కలిసిపోయి ఉండేవి. ఒకసారి పెద్దమ్మ డ్యూటీ నుంచి రావడం ఆలస్యమైతే, నేను పెద్ద వంటగత్తెలాగా మా ఇంటి అలవాటున ఎసరు పెట్టి, సగం పలుకుగా, సగం జావగా దించాను. అందరూ పడీపడీ నవ్వారు. పెద్దమ్మ మాత్రం గిన్నెలోకి తొంగిచూసి, "పప్పు జర ఎక్కువేస్కుంటే అన్నీ ఒక్కతీరుగనే పోతయి తియ్" అంది. ఆ కలగాపులగం బియ్యాన్ని ఆవిడ ఎలా దారికి తెచ్చేదో నాకు నేటికీ అంతుపట్టదు.

భోజనానికి ముందు చాప మీద గుండ్రంగా కూర్చుని వంతుల ప్రార్థన చేసేవాళ్ళం. కళ్ళు మూసుకుని ఉంటాం కనుక ఒకరి చేయి ఒకరం పట్టుకునేవాళ్ళం. తన ప్రార్థన అయిపోయినవాళ్ళు పక్కవాళ్ళ చేయి నొక్కితే ఇక వాళ్ళ వంతు. పరీక్షలూ, ఇంటి దగ్గర జ్వరాలూ, దేవుడి మీద హాస్టల్లో జరిగే వేళాకోళాలకు ఏం జవాబు చెప్పాలో తెలియని బెంగా, అన్నీ ఆ చాప మీదికే వచ్చేవి.

రెండో ఏడు మా నాన్నకు జబ్బు చేసింది. అందరూ ఉపవాసం ఉండి ప్రార్థించారు. మాలో మహా భక్తిపరుడైన సీనియర్ అన్న ఒకాయన, నాన్నగారికి నయమైపోయినట్టే, అనుమానపడకు అని గట్టిగా చెప్పాడు, నేనూ అంత గట్టిగానే నమ్మాను. నాన్న పోయారు. క్లాసులో విన్న ఏ పాఠమూ కదిలించలేని నా విశ్వాసం అక్కడ కూలిపోయింది. వినని దేవుడితో ఏం మాట్లాడను, అసలు ఉన్నాడో లేడో అనిపించి, ప్రార్థన మానేశాను.

ఊరినుంచి తిరిగొచ్చాక తొలి శనివారం, హాస్టల్ గదిలో ఒంటరిగా కూర్చోలేక పెద్దమ్మ ఇంటికే వెళ్ళాను. నా వంతు వచ్చింది, చేయి నొక్కారు, నాకు నోరు పెగల్లేదు. సిగ్గుతో లేచి పోదామనుకుంటుండగా, ఇవతల నా పక్కన కూర్చున్న పెద్దమ్మ, నేను చేయి నొక్కకుండానే అందుకుంది: "ప్రభువా, గిది ఈ బిడ్డ వంతు. దానికి నీ మీద కోపమున్నది. ఉండనీ." ఆ తర్వాతే తన వంతు చేసుకుంది.

భోజనాలయ్యాక కంచాలు కడుగుతూ, నాకు నమ్మకం పోయిందని, ఆ చాప మీద కూర్చుంటే అబద్ధమాడినట్టుందని, ఇక రానని చెప్పాను. ఆవిడ కోప్పడలేదు, వాక్యం తీసి వినిపించలేదు.

"నమ్మకం లేకుంటే లేకపాయె, అన్నానికైతే రా బిడ్డా. నీ వంతు నేను చేస్త."

నేను నిజంగా అన్నానికే వెళ్ళాను, వారం వారం. సీనియర్ అన్న, పాపం, పుస్తకాలు తెచ్చి వాదించాడు; ఒక్కటీ తలకెక్కలేదు. నా వంతు రాగానే దవాఖాన మందుల వాసన వేసే ఆ అరచేయి నా చేతిని కాస్త బిగించేది, ఆవిడ నా తరఫున మాట్లాడేది, మా నాన్నను తలుచుకునేది. ఎండలు ముదిరే వేళకు ఒక సాయంత్రం, ఆవిడ అందుకునేలోగా నేనే, "నాన్న గుర్తొస్తున్నాడు" అన్నాను. అంతే. అది ప్రార్థన కిందికి వస్తుందో రాదో నాకు తెలియదు కానీ పెద్దమ్మ ఆమెన్ అంది, నేను వెక్కి వెక్కి ఏడ్చాను.

పెద్దమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఇంటిచోట ఇప్పుడు అంతస్తులమీద అంతస్తులుగా లేడీస్ హాస్టల్ ఉంది. నేను కూడా ఉద్యోగం చేసి రిటైరై, చర్చికి వచ్చే కాలేజీ పిల్లలను శనివారాలు మా ఇంటికి రమ్మని పిలిచాను. మంచి పిల్లలు, మర్యాదగానే కాదన్నారు. ఒకరు మీర్‌పేట్‌లో, ఒకరు తుర్కయంజాల్‌లో, ఆ ట్రాఫిక్‌లో రావాలంటే పరేషానేనట, ఫోన్లోనే కలుసుకుంటున్నారు. వాళ్ళను తప్పుపట్టను. ఆ మధ్య ఒక పిల్ల నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూపించింది. చిన్న చిన్న గళ్ళలో మొహాలు, ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలుస్తుంటే ప్రార్థిస్తున్నారు. ఒక అమ్మాయిని రెండుసార్లు పిలిచినా పలకలేదు. ఫోను పట్టుకున్న పిల్ల నా వైపు తిరిగి, "నెట్‌వర్క్ పోయినట్టుంది ఆంటీ" అంది, వాళ్ళు తర్వాతి పేరు పిలిచారు.

నెట్‌వర్కే పోయిందేమో. నాకు మాత్రం ఆ అమ్మాయి అక్కడే ఉండి మాట్లాడలేకపోయిందనిపించింది. ఆనాటి నుంచి నా ప్రార్థన అయ్యాక ఆ పలకని పిల్ల వంతు కూడా నేనే చేస్తున్నాను. ఆ రోజుల్లో నా వంతు ఎవరు చేస్తున్నారో నాకు తెలిసేది, పెద్దమ్మ చేయి నా చేతిలో ఉండేది. ఈ పిల్లకు ఎలా తెలుస్తుంది?