సోమవారం సెలవేనట

మా దీవిలో వండూర్ జెట్టీ నుంచి సోమవారం టూరిస్టు బోట్లు వెళ్లవు. ఆ ఒక్క కారణంతో మా యజమాని సోమవారాన్ని మా వారపు సెలవుగా లెక్కకట్టాడు. ఆ సెలవు రోజున మేం లైఫ్ జాకెట్లన్నీ సబ్బునీళ్లలో ఉతికి ఆరబెట్టాలి, బోటు అడుగున చేరిన నీళ్లు తోడాలి, ఇంజన్ ఆయిల్ మార్చాలి. పొద్దున వెళితే మళ్లీ సాయంత్రమే ఇంటికి బస్సెక్కేవాణ్ణి. ఓవర్‌టైమ్ అడిగితే ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"అరే తమ్ముడూ, సోమవారం బోట్ బంద్ కదా. ఛుట్టీకి కూడా ఓవర్‌టైమా?"

బోటు ఆగితే నేనూ ఆగినట్టేనని ఆయన ఉద్దేశం. ఆ మాట నేను మరచిపోలేదు, మరచిపోను.

ఆదివారం సంగతి ఇంకా అన్యాయం. అది మాకు రద్దీ రోజు. బతు బస్తీలో మా ఇంటి పక్కనే ఉన్న తెలుగు చర్చికి నేను వెళ్లలేకపోయేవాణ్ణి. యజమాని మాత్రం అక్కడ సంఘ పెద్ద. ఆరాధనకు రాని సహోదరుల కోసం ప్రతివారం ప్రార్థన చేసేవాడట, నా పేరుతో సహా. మా ఆవిడ వచ్చి చెబితే అన్నం సయించేది కాదు. నన్ను రానివ్వనిది ఎవరు?

ఒక ఆదివారం గాలి ఎక్కువై పొద్దున్నే బోట్లు ఆపేశారు. తిన్నగా చర్చికి వెళ్లాను. ఆయన కళ్లు మూసుకుని నా ఆత్మీయ స్థితి గురించి దేవునికి విన్నవిస్తున్నాడు. ఆమెన్ అనేదాకా ఆగి లేచి నిలబడ్డాను.

"నా ఆత్మ బాగానే ఉంది అన్నయ్యా. సోమవారం ఓవర్‌టైమే రాలేదు. దానికి ప్రార్థన ఎందుకు, మీరిస్తే చాలు."

ఆడవాళ్ల వైపు ఎవరో నవ్వారు. పాస్టరుగారు వెంటనే పాట ఎత్తుకున్నారు. బయట చెప్పుల దగ్గర యజమాని నన్ను ఆపి, మందిరంలో డబ్బు మాటలేమిటని మందలించాడు. జెట్టీలో అడిగితే ఛుట్టీ అంటారు, ఇక్కడ అడిగితే మందిరం అంటారు, ఇంకెక్కడ అడగమంటారని అన్నాను. మర్నాడే జాకెట్ల పని మానేసి లేబర్ ఆఫీసుకు వెళ్లి ఫిర్యాదు ఇచ్చాను.

తర్వాతి ఆదివారం నేను జెట్టీలో ఉండగా ఆయన చర్చిలో సాక్ష్యం చెప్పాడట. పనివాళ్లకు విశ్రాంతి ఇమ్మని ప్రభువు తన హృదయాన్ని కదిలించాడట, ఇకపై సోమవారం ఎవరూ రానక్కర్లేదట. అందరూ ఆమెన్ అన్నారు. మా ఆవిడ కూడా అందట, అది వేరే బాధ.

జాకెట్లు మాత్రం ఇక రోజూ ఆఖరి బోటు వచ్చాక ఉతకాలని జెట్టీలో కబురు పెట్టాడు. నేను మళ్లీ లేబర్ ఆఫీసుకు వెళ్లి, పాత సోమవారాల పక్కన ఈ సాయంత్రాలు కూడా చేర్పించాను.