పిన్ని చెప్పగా నేను రాసిన యోగ్యతాపత్రం

పొద్దున్న ఫోన్‌కి ఒక ఫారం వచ్చింది. చర్చి సేవకుల శిక్షణ పాఠశాల వాళ్ళు పంపారు. మా సంఘంలో నాలుగు నెలలు పనిచేసి వెళ్ళిన అమ్మాయి స్వభావం ఎలాంటిదో నేను చెప్పాలట. పది ప్రశ్నలు, ఒక్కోదాని ఎదురుగా అయిదు సున్నాలు. వినయం అయిదుకి ఎంత, ఓర్పు అయిదుకి ఎంత అని చూసుకుని ఒక సున్నా మీద వేలు పెడితే అది నీలంగా మారుతుంది. కలకత్తాలో, భవానీపూర్ దగ్గర మెట్రో ఎక్కి, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో ఒక మనిషి గుణగణాలు తేల్చేయవచ్చన్నమాట. ఆ అమ్మాయి మంచిదే, దిగేలోపు నింపి పంపించేశాను లెండి. కానీ ఇచ్చిన మాట నిలబెట్టుకుంటుందా అన్న ప్రశ్న దగ్గర మాత్రం నా వేలు రెండు స్టేషన్ల దూరం గాల్లోనే ఉండిపోయింది. ఇరవై ఏళ్ళ పైమాట, అదే ప్రశ్న నా గురించి ఒకావిడని అడగాల్సి వచ్చింది. అడిగింది నేనే. ఆవిడ జవాబు రాసిందీ నేనే.

మాది హౌరా పక్కన లిలువా. నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేరి మెట్టు మెట్టుగా పైకొచ్చిన మనిషి. క్వార్టర్స్‌లో మా ఈడు తెలుగు పిల్లలందరూ బెంగాలీలోనో హిందీలోనో చదువుకుంటుంటే, నాన్న నన్ను సాయంత్రాలు కూర్చోబెట్టి తెలుగు చదివించేవారు. దాంతో ఆదివారం ఆరాధనలో వాక్యం తడుముకోకుండా చదివే పిల్లగా నాకు చిన్నప్పుడే పేరొచ్చింది. ఆ పేరు నాకు ఎంత ఒంటబట్టిందో చాలాకాలం నాకే తెలియలేదు. పెద్దయ్యాక చేరిన శిక్షణ పాఠశాలలో కూడా మంచి మార్కులే వచ్చేవి. అయితే మా ప్రిన్సిపాల్ గారికి మార్కుల మీద అంత గురి ఉండేది కాదు. ఆయన బెంగాలీ పెద్దమనిషి. ఎండైనా వానైనా చంకలో గొడుగు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. చదువు ముగిసేముందు ప్రతి విద్యార్థీ మూడు నెలలు ఒక మామూలు కుటుంబంతో ఉండాలనీ, వాళ్ళు తిన్నదే తినాలనీ, చివర్న ఆ ఇంటివాళ్ళే మన స్వభావం గురించి ఫారం నింపి ఇవ్వాలనీ నియమం పెట్టారు. ప్రసంగం వినేవాళ్ళకి మనం గంటసేపే తెలుస్తామనీ, పంపు దగ్గర మనతోపాటు బకెట్టు పట్టుకుని నిలబడ్డవాళ్ళకి పూర్తిగా తెలుస్తామనీ అనేవారు.

నన్ను ఏక్‌బాల్‌పూర్ పంపించారు. రేవుకి దగ్గర్లో ఒక సందు. కార్పొరేషన్‌లో పనిచేసే తెలుగువాళ్ళ ఇళ్ళు పదో పన్నెండో వరసగా ఉండేవి. నేను దిగిన ఇంటావిడ, భర్త పోయాక ఆయన ఉద్యోగంలోనే చేరి రోడ్లు ఊడ్చేది. పిల్లలిద్దరూ పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయారు. నాకు ఏ వరసా కాదు. గుమ్మంలో నా పెట్టె అందుకుంటూ, "పిన్నీ అను, సాలు" అంది. ఆవిడ నన్ను మొదటి రోజు నుంచీ అమ్మీ అనే పిలిచింది. ఒకటే గది, ఒకటే మంచం. నేను కింద పడుకుంటానని మర్యాదకి ఒకసారి అన్నాను. ఆవిడ వద్దంది. నేను రెండోసారి అనలేదు. పొద్దున్నే డ్యూటీకి వెళ్ళి తొమ్మిదింటికి తిరిగొచ్చి, స్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని వంటకి కూర్చునేది. ఎండు నెత్తళ్ళు ఆవనూనెలో వేయించి చింతపండు పులుసులో వేసేది. శ్రీకాకుళం, కలకత్తా రెండూ ఆ గిన్నెలోనే కలిసి ఉడికేవి. మొదటి వారం ముక్కు మూసుకుని తిన్నదాన్ని, మూడో వారానికి గిన్నె అడుగు గోకేదాన్ని. ఇప్పటికీ నా వంటలో ఆవనూనె వాసన రాకపోతే ఏదో మరిచిపోయినట్టుంటుంది.

ఆ సందు చివర ఒక తాతగారు ఉండేవారు. రేవులో బరువులు మోసి మోసి కాళ్ళు పట్టు తప్పాయి, కళ్ళలో శుక్లాలు. తెలుగు చదవగలిగినవాళ్ళు ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు. నేను వెళ్ళిన కొత్తలో ఆయన నా చెయ్యి పట్టుకుని, తన నల్ల అట్ట బైబిల్లోంచి పాత కథలు చదివి వినిపించమని అడిగారు. ప్రతి గురువారం సాయంత్రం వస్తానని నేనే అన్నాను. రెండు గురువారాలు వెళ్ళాను కూడా. మూడో గురువారం నా స్నేహితురాలు రమ్మంటే న్యూ మార్కెట్‌కి వెళ్ళాను. నాలుగో వారం, మూడో వారం ఎందుకు రాలేదని అడుగుతారేమోనని వెళ్ళలేదు. అయిదో వారం నుంచి అటువైపే వెళ్ళడం మానేసి, సందుకి రెండో చివర నుంచి చుట్టూ తిరిగి వచ్చేదాన్ని. ఇంకో సంగతి కూడా దాచకూడదు. ఆయన గదిలో నొప్పుల తైలం వాసన, మంచం పక్కన కప్పిపెట్టిన గిన్నె వాసన కలిసి ఉండేవి. నాకు వాంతొచ్చినట్టుండేది. ప్రేమ గురించి ఆ నెలలోనే రెండు ప్రసంగాలు తయారుచేసుకున్నాను.

మూడు నెలలూ గడిచాయి. ఫారం వచ్చింది. అది ఇంగ్లీషులో ఉంది. పిన్నికి ఏ భాషా చదవడం రాదు. జీతం పుస్తకంలో సంతకం పెట్టడానికి తన పేరు మాత్రం బెంగాలీలో రాయడం నేర్చుకుంది. కాబట్టి నేను ఒక్కో ప్రశ్నా తెలుగులో చెప్పడం, ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ జవాబివ్వడం, నేను దాన్ని ఇంగ్లీషులో రాయడం.

"ప్రార్థన ఎలా చేస్తాను పిన్నీ?" అన్నాను.

"బాగా సేస్తావు. పొడుగ్గా సేస్తావు. అన్నం సల్లారిపోతాది."

సుదీర్ఘమైన, గాఢమైన ప్రార్థనాజీవితం కలది అని రాశాను.

"నలుగురితో కలిసి ఉంటానా?"

"ఉంటావు. పంపు కాడ నీ బకెట్టు నిండిపోతే మాత్రం మరెనక్కి సూడవు."

తన పనులు తాను చక్కబెట్టుకోగలదు అని రాశాను.

"వినయం?"

"అదేటి?"

"తగ్గి ఉండడం."

"పెద్దోళ్ళొస్తే తగ్గుతావు. రిక్షావోడి కాడ తగ్గడం నాను సూడలేదు."

పెద్దలయందు గౌరవం కలది. ఇలా ఆవిడ చెప్పినదాన్ని నేను సబ్బుతో కడిగి, ఇస్త్రీ చేసి కాగితం మీద పరుస్తూ పోయాను. అందులో నాకు తప్పేమీ కనిపించలేదు. అనువాదం అంటే అంతేకదా అనుకున్నాను. అప్పుడు ఆ ప్రశ్న వచ్చింది. ఇచ్చిన మాట నిలబెట్టుకుంటానా అని అడిగాను.

"నేదు" అంది పిన్ని, బియ్యంలోంచి తల ఎత్తకుండా. "తాత గురువారం గురువారం గెడ్డం గీయించుకుని, గుమ్మంలో కుర్సీ యేయించుకుని కూకుంటన్నాడు. నివ్వు ఆ సివర్నించి తిరిగొస్తన్నావు. రాయి."

"ఇన్నాళ్ళూ ఒక్కసారీ అనలేదే పిన్నీ" అన్నాను.

"నివ్వు అడగనేదు. ఇప్పుడు కాయితం అడిగింది, సెప్పినాను. రాసినావా?"

"రాశాను" అన్నాను. నేను రాసింది, మాట ఇస్తే తప్పదు అని. ఆవిడ చేతులు చీరకి తుడుచుకుని, కాగితాన్ని అరచేత్తో ఒకసారి చదును చేసి, బెంగాలీలో తన పేరు నెమ్మదిగా, ఒక్కో అక్షరం దగ్గరా ఊపిరి బిగబట్టి రాసింది.

తరువాతి ఆదివారం ఆరాధన అయ్యాక ప్రిన్సిపాల్ గారు పిన్ని ఇంటికి వస్తారని నాకు తెలియదు. ప్రతి ఇంటికీ వెళ్ళి ధన్యవాదాలు చెప్పి రావడం ఆయన అలవాటట. మంచం మీద కూర్చుని, గొడుగు ఒళ్ళో పెట్టుకుని, "దీదీ, మీరు చాలా చక్కగా చెప్పారు" అంటూ ఫారం తీసి, ఒక్కో జవాబూ బెంగాలీలోకి మార్చి వినిపించడం మొదలుపెట్టారు. పిన్నికి బెంగాలీ నాకన్నా బాగా అర్థమవుతుంది. గాఢమైన ప్రార్థన దగ్గర ఆవిడ కొంచెం నవ్వింది. వినయం దగ్గర నా వైపు ఒకసారి చూసింది. మాట ఇస్తే తప్పదు అన్నది వినిపించగానే, టీ గ్లాసు అందిస్తున్న ఆవిడ చెయ్యి మధ్యలో ఆగిపోయింది. ప్రిన్సిపాల్ గారు అది గమనించారు. ఇది మీరు చెప్పిందేనా అని అడిగారు.

పిన్ని గ్లాసు ఆయన చేతికిచ్చి, "నేను ఏం చెప్పానో ఆ పిల్లకి తెలుసు, ఆమెనే అడగండి" అంది బెంగాలీలో. తరువాత ఆయనకి అర్థం కాకుండా తెలుగులో నాతో, "సెప్పీ అమ్మీ. ఆయనేటి కొరికేస్తాడా" అంది.

చెప్పాను. తాతగారి సంగతి, న్యూ మార్కెట్ సంగతి, వాసన సంగతి, ఫారం సంగతి. నా బెంగాలీ ఆ పూట ముక్కలు ముక్కలుగా వచ్చింది. ప్రిన్సిపాల్ గారు ఫారం మడిచి జేబులో పెట్టుకుని, ఆ పెద్దాయన ఇల్లు ఎక్కడో చూపించమన్నారు. ముగ్గురం సందులో నడిచాం. నేను ముందు, పిన్ని నా వెనక, ఆయన గొడుగు నేలకి తాటిస్తూ చివర. నడిస్తే రెండు నిమిషాలు పట్టని దూరం. మూడు నెలల్లో నేను నడిచినవాటిలో అంత పొడుగు దారి ఇంకొకటి లేదు. తాతగారు మంచం మీద ఒరిగి ఉన్నారు. నా గొంతు వినగానే లేచి కూర్చుని, "వొచ్చినావా తల్లీ. కూకో. కరువొచ్చిన కాడ ఆపేసినాం" అన్నారు. ఎందుకు రాలేదని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ రోజు మూడు వాక్యాలు చదవడానికి నేను నాలుగుసార్లు ఆగాను. ప్రిన్సిపాల్ గారికి తెలుగు ముక్క రాదు. అయినా గోడకి ఆనుకుని చివరిదాకా కూర్చున్నారు.

ఆ ఏడాది నాతో చదివినవాళ్ళందరూ పట్టా పుచ్చుకున్నారు. నాకు ఇంకో మూడు నెలలు అదే ఇంట్లో ఉండమని కాగితం వచ్చింది. నాన్న అప్పటికే పట్టా పండగకని తెల్లచీర కొని, క్వార్టర్స్‌లో అందరికీ చెప్పేశారు. లిలువా వెళ్ళి ఆయనకి జరిగింది చెబితే, "ఆవిడతో సరిగ్గా ఉండు" అన్నారు, అంతే. ఆ కొత్త మూడు నెలల్లో గురువారాలు ఒక్కటీ తప్పలేదు. కరువు దాటాం, రాజుల కాలం దాటాం. వాసన మాత్రం తగ్గలేదు. నేను దానికి అలవాటూ పడలేదు, గుమ్మంలో ఒకసారి గట్టిగా గాలి పీల్చుకుని లోపలికి వెళ్ళేదాన్ని. రెండో ఫారం వచ్చినప్పుడు, పిన్ని చెప్పింది చెప్పినట్టు ఆవిడ మాటల్లోనే తెలుగులో రాసిచ్చాను. వాళ్ళు ఎవరిచేతనో చదివించుకున్నారు. నా ప్రార్థన అప్పటికీ పొడుగ్గానే ఉంది. మాట నిలబెట్టుకోవడం గురించి పిన్ని చెప్పింది ఇది: "ఒకపాలి తప్పింది. మరి తప్పనేదు. ఇంకా సూడాల."

ఆ కాగితం మీదే నాకు పట్టా ఇచ్చారు. తాతగారు ఆ మరుసటి చలికాలం పోయారు. పిన్ని ఉద్యోగంలోంచి రిటైరయ్యేదాకా ఆ సందులోనే ఉండి, తరువాత కూతురి దగ్గరికి వెళ్ళింది. నేను మొదటిసారి పెద్ద ఆరాధనలో ప్రసంగం చేసిన రోజు ముందు వరసలో కూర్చుని సగంలోనే నిద్రపోయి, బయటికొచ్చాక బాగుందని చెప్పింది. నేను నమ్మలేదని తెలిసి, "ఇన్నంతమట్టుకు బాగుంది" అని సర్దింది. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు జనం నన్ను మెచ్చుకుంటారు, గౌరవంగా లేచి నిలబడతారు, నా గురించి రాసే నాలుగు మాటలూ ఇస్త్రీ చేసే రాస్తారు. వయసు పెరుగుతున్న కొద్దీ మన మొహం మీద నిజం చెప్పేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోతారని, బియ్యం చేట ఎదురుగా కూర్చున్న ఆ రోజుల్లో నాకు తెలియలేదు.